బంపర్ పగిలింది, బాకీ ఎవరిది?

(బెంగళూరులో తెలుగు సంఘాల యువజన కూడికలో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను ఎన్నుకున్న అంశం విని కొందరు నవ్వారు. "పాస్టరుగారూ, పాపం గురించో, పరిశుద్ధత గురించో చెబుతారనుకుంటే బంపర్ గురించి చెబుతానంటారేమిటి?" అన్నాడు ఒక తమ్ముడు. నిజమే, ఇది బంపర్ గురించే. బండి నడుపుతూ చిన్న దెబ్బ తగిలిస్తాం. ఆ ఖర్చు జేబులోంచి పెట్టుకోవాలా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా? అక్కడికక్కడే డబ్బిచ్చి తేల్చుకోవడం న్యాయమా, తప్పించుకోవడమా? మనలో చాలామందికి ఇప్పుడు బండి ఉంది. మన తాతలకు సైకిలు కూడా లేదు. బండితోపాటు ఒక కొత్త అధికారం మన చేతికి వచ్చింది. దానితో ఎలా నడుచుకుంటున్నామన్నదే నా ప్రశ్న.

ముందు నా తప్పు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం, సాయంకాలం, పాత మద్రాసు రోడ్డులో టిన్ ఫ్యాక్టరీ దగ్గర. అక్కడి ట్రాఫిక్ మీకు తెలియనిది కాదు. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. ఒక కూడికకు ఆలస్యమవుతోంది. ఫోనులో ఎవరో పిలుస్తున్నారు, అటు చూశాను. ముందున్న ఆటోను గుద్దాను. పెద్ద దెబ్బ కాదు. ఆటో వెనక రేకు లోపలికి పోయింది, వెనక లైటు పగిలింది. నా బంపర్‌కు పగులు పట్టింది. ఆటోలో ప్యాసింజర్లు లేరు, ఎవరికీ గాయం కాలేదు. దేవునికి స్తోత్రం.

నేను దిగి ఏం చేశానో తెలుసా? జేబులోంచి ఐదు వందల నోటు తీశాను. సారీ చెప్పకముందే నోటు బయటికి వచ్చింది. వెనక హారన్లు మోగుతున్నాయి. "తీసుకో తమ్ముడూ, లైటు వేయించుకో" అన్నాను. పెద్ద దాతలా అన్నాను.

అతడు నోటు ముట్టుకోలేదు. నా మాట విని తెలుగులోనే మాట్లాడాడు. ముళబాగిలు దగ్గర పల్లె అట. "అన్నా, ఐదు నూర్లతో ఏమవుతాదన్నా? ఇది నా బండి కాదు, బాడుగ బండి. రోజుకు మూడు నూర్ల యాభై ఓనరుకు కట్టాల. షెడ్డులో రెండు దినాలు పెడితే నాకు రెండు దినాలు కూడు లేదు. బాడుగ మాత్రం ఆగదు" అన్నాడు. తరువాత నా కారు అద్దం మీద ఉన్న సిలువ బొమ్మ చూసి, "మీరు పాస్టరుగారా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. మామూలుగానే అడిగాడు. కానీ ఆ ప్రశ్న ఈ రోజుకీ నా చెవిలో ఉంది.

నేను వెళుతున్న కూడికలో నా అంశం సామాజిక న్యాయం.

బండి పక్కకు తీసి కూర్చుని లెక్క వేశాం. టింకరింగ్, లైటు కలిపి 1,400. రెండు రోజుల బాడుగ 700. గ్యాసు, బాడుగ పోగా అతనికి మిగిలే సంపాదన రోజుకు 700 చొప్పున రెండు రోజులకు 1,400. మొత్తం 3,500 రూపాయలు. నేను ఇవ్వబోయింది 500. అంటే నేను చేసిన నష్టంలో ఏడో వంతు. మిగిలిన ఆరు వంతులు అతడే భరించాలని నేను తీర్పు చెప్పేశాను, అదీ హారన్ల మధ్య అర నిమిషంలో.

ధర్మశాస్త్రం ఏ నష్టాన్ని లెక్కిస్తుంది?

నిర్గమకాండము 21, 22 అధ్యాయాలు మనం తొందరగా తిప్పేసే పేజీలు. ఎద్దులు, గోతులు, పొలాల తగవులు. కానీ ఆ కాలపు రోడ్డు ప్రమాదాలు అవే. గొయ్యి తవ్వి మూయకుండా వదిలేసినవాడు అందులో పడిన పశువుకు నష్టపరిహారం ఇవ్వాలి. తాను అంటించిన నిప్పు పక్కవాడి పంటకు పాకితే అంటించినవాడు అచ్చుకోవాలి. కావాలని చేశావా, పొరపాటున చేశావా అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న కాదు. నీ వల్ల పోయిందా, అయితే నీవు నిలబెట్టు. అంతే.

21వ అధ్యాయంలోనే, 18, 19 వచనాలలో ఇంకో మాట ఉంది. దెబ్బ తిని మంచం పట్టిన మనిషికి వైద్యం చేయించడమే కాదు, అతడు పని చేయలేకపోయిన దినాల నష్టం కూడా కొట్టినవాడే ఇవ్వాలి. ఇన్ని వేల ఏళ్ల క్రితమే కూలి మనిషికి ఒక దినం అంటే ఏమిటో ఆ ధర్మశాస్త్రానికి తెలుసు. థియాలజీ చదివిన నాకు అది టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒక ఆటో తమ్ముడు చెప్పాల్సి వచ్చింది. రేకు నష్టం నాకు కనబడింది. దినం నష్టం కనబడలేదు. ఎందుకంటే నా బండి షెడ్డులో ఉన్నా నా జీతం ఆగదు.

లేవీయకాండము 6వ అధ్యాయం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. పొరుగువాని సొమ్ము అన్యాయంగా ఉంచుకున్నవాడు అసలుతోపాటు ఐదవ వంతు కలిపి ఇచ్చుకోవాలి. అర్పణ తెచ్చే దినముననే ఇవ్వాలి. పరిహారం ఇవ్వకుండా బలిపీఠం దగ్గరికి దారి లేదు. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది కూడా ఇదే మార్గం: అర్పణ అక్కడ పెట్టు, ముందు సహోదరుని దగ్గరికి వెళ్లు. ఆ రోజు నేను 3,500 ఇచ్చాను. ఐదవ వంతు కలపాలని నాకు తట్టలేదు. ఆ 700 ఈ రోజుకీ నేను బాకీ ఉన్నాననే అనుకుంటాను.

ఇన్సూరెన్స్ లెక్క తెలుసుకోండి

సరే, ఇప్పుడు నా బంపర్ సంగతి. అది క్లెయిమ్ చేయాలా? యువకులు ఇది శ్రద్ధగా వినండి. చదువుకున్నవాళ్లు కూడా పాలసీ కాగితం చదవరు.

మన దేశంలో బండి ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే హానికి. ఇది 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. రెండోది ఓన్ డ్యామేజ్. అంటే మన బండికి జరిగే నష్టానికి. ఇది మన ఇష్టం.

ఏడాదంతా ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ ఇస్తారు. మొదటి ఏడాదికి 20 శాతం, తరువాత 25, 35, 45, చివరికి 50 శాతం వరకు ఆ ప్రీమియం తగ్గుతుంది. ఒక్కసారి క్లెయిమ్ చేస్తే, బోనస్‌ను కాపాడే ప్రత్యేక కవర్ లేకపోతే, సున్నాకు వస్తుంది. మళ్లీ మొదటి మెట్టు నుండి ఎక్కాలి.

ఒక లెక్క చూడండి. పగిలిన బంపర్ మార్చాలి. బంపర్ 3,000, పెయింటింగ్ 2,000, లేబర్ 1,000, మొత్తం 6,000 అనుకుందాం. ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు తీసేస్తారు కనుక బంపర్‌కు 1,500 మాత్రమే వస్తుంది. పెయింటింగ్‌లో మెటీరియల్ మీద కూడా తరుగు ఉంటుంది, 250 పోతుంది. 1500 సీసీ వరకు ఉన్న కారుకు మొదటి 1,000 రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి. అన్నీ పోగా చేతికి వచ్చేది 3,250.

పోయేదెంత? మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకోండి. 50 శాతం బోనస్‌తో మీరు 4,000 కడుతున్నారు. క్లెయిమ్ చేసిన మరుసటి ఏడు 8,000 కట్టాలి. ఆ తరువాత 6,400, 6,000, 5,200, 4,400. మళ్లీ 4,000కు రావడానికి ఐదేళ్లు. ప్రీమియం మారదనుకుంటే అదనంగా కట్టింది మొత్తం 10,000. బండి పాతబడే కొద్దీ దాని విలువ తగ్గి ఇది కొంత తగ్గవచ్చు. అయినా 3,250 కోసం అంత పోగొట్టుకోవడం తెలివి కాదు. తరుగు తీయని జీరో డెప్ పాలసీ ఉన్నా వచ్చేది 5,000. కాబట్టి చిన్న గీతలకు, సొట్టలకు జేబులోంచి పెట్టుకోవడమే మంచిది. నేనూ ఆ పగిలిన బంపర్‌తోనే ఎనిమిది నెలలు తిరిగి, తరువాత నా డబ్బుతో మార్పించాను.

ఇక్కడ గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. రెండో వచనంలో ఒకరి భారం ఒకరు మోయాలంటాడు పౌలు. ఐదో వచనంలో ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. ఇది తికమకగా కనిపిస్తుంది. కానీ గ్రీకులో అవి రెండు వేరే మాటలు. మొదటిది బారోస్, మనిషిని నలిపేసే భారం. రెండోది ఫోర్తియోన్, ఎవరి మూట వాళ్లు మోసుకునే బరువు. ఇన్సూరెన్స్ అంటే అందరూ కలిసి వేసిన చిట్టీ లాంటిది. అది బారోస్ కోసం. ప్రాణం పోయినప్పుడు, కాలు పోయినప్పుడు, ఇల్లు కూలే ఖర్చు వచ్చినప్పుడు అందరి డబ్బు కలిసి ఒకరిని నిలబెట్టాలి. బంపర్ మీద గీత ఫోర్తియోన్. నా మూట నేనే మోసుకోవాలి.

గ్యారేజీలో ఒక శోధన ఉంటుంది. "సార్, ఎలాగూ క్లెయిమ్ వేస్తున్నారు కదా, పాత గీతలు కూడా ఇందులో కలిపేద్దాం. గోడకు తగిలిందని రాద్దాం" అంటారు. లైసెన్సు లేని కొడుకు నడిపితే తండ్రి నడిపాడని రాస్తారు. ఇది అబద్ధ సాక్ష్యం. ఎవరి జేబూ కొట్టడం లేదు కదా అనుకుంటాం. ఆ చిట్టీలో మన సంఘంలోని ఆటో నడిపేవాడి డబ్బు కూడా ఉంది.

మన బోనస్, ఎదుటివాడి నష్టం

ఇప్పటివరకు చెప్పింది మన జేబు లెక్క. తెలివైనవాడు ఎవడైనా చెబుతాడు. విశ్వాసి లెక్క ఇక్కడి నుండి మొదలవుతుంది.

మొదటి సంగతి. మీరు వేరేవారి కారుకు గీత పెట్టారు. తప్పు మీదే. మీరంటారు: "మీకు ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ చేసుకోండి." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆయన తన పాలసీలో క్లెయిమ్ చేస్తే ఎవరి బోనస్ పోతుంది? ఆయనది. మొదటి వెయ్యి ఎవరు పెట్టుకోవాలి? ఆయన. తరుగు ఎవరిది? ఆయనది. మీ పాలసీ థర్డ్ పార్టీ కింద ఇతరుల ఆస్తి నష్టానికి కారు పాలసీలో సాధారణంగా ఏడున్నర లక్షల వరకు రక్షణ ఉంటుంది. కానీ ఆ దారి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ గుండా పోతుంది. నాలుగు వేల రూపాయల కోసం ఎవరు లాయరును పెట్టి కోర్టు చుట్టూ తిరుగుతారు? అందుకే గాయాలు లేని చిన్న నష్టంలో, తప్పు మనదైతే, మన చేతి డబ్బుతో ఆయన బండిని ముందున్నట్టు చేయించి ఇవ్వడమే నీతి.

రెండో సంగతి. ఇది నన్ను చాలా బాధపెట్టేది. మన ఊళ్ల నుండి, కేజీఎఫ్ నుండి, చిత్తూరు పల్లెల నుండి ఎంతోమంది తమ్ముళ్లు ఈ నగరంలో ఇళ్లలో డ్రైవర్లుగా పని చేస్తున్నారు. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడ్డాక మారికుప్పం రైలెక్కి పనికి వచ్చే కుటుంబాలు మనకు తెలుసు. అలాంటి ఇంటి తమ్ముడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో యజమాని కారును స్తంభానికి రాసుకున్నాడు. 12,000 బిల్లు అయింది. యజమానికి పూర్తి ఇన్సూరెన్స్ ఉంది. ఆయన క్లెయిమ్ చేయలేదు. నెలకు 3,000 చొప్పున నాలుగు నెలలు జీతంలో కోశాడు. "నా బోనస్ పోతుంది కదా" అన్నాడట.

ఆలోచించండి. బోనస్ ఎవరికి? యజమానికి. దాన్ని నిలబెట్టింది ఎవరి అన్నం? డ్రైవరు పిల్లలది. జేబులోంచి కట్టుకోవడం ఇక్కడ నీతి కాదు. ఎందుకంటే కట్టినది ఆయన జేబులోంచి కాదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కూలివాని జీతం గురించి ఏమి చెబుతుందో మీకు తెలుసు. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. ఆ యజమాని మన సంఘ సభ్యుడు కాదు. కాని మనలో డ్రైవర్లను, పనివాళ్లను పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఉన్నారు. మీ కారు నడపడానికి మనిషిని పెట్టుకున్నప్పుడు ఆ బండికి గీత పడే అవకాశాన్ని కూడా మీరు పెట్టుకున్నారు. అది మీ ఫోర్తియోన్. అతని వీపున వేయకండి.

గాయమైతే డబ్బుతో మూయకూడదు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. చిన్న నష్టానికి డబ్బిచ్చి సమాధానపడటం మంచిదని చెప్పాను. మనిషికి గాయమైతే ఆ మాట చెల్లదు.

మన సంఘంలో గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేసే ఒక అక్క ఉంది. భర్త లేడు. రోడ్డు దాటుతుంటే ఒక కారు తగిలి పడింది. కారాయన మంచిగానే మాట్లాడాడు, నీళ్లు ఇచ్చాడు. లేచి నిలబడింది కనుక ఏమీ కాలేదనుకున్నారు. 3,000 చేతిలో పెట్టాడు. ఇంగ్లీషులో రాసిన కాగితం మీద సంతకం తీసుకున్నాడు. అక్కకు ఇంగ్లీషు రాదు. వారం తరువాత మణికట్టు వాచిపోయి ఎక్సరే తీస్తే ఎముక విరిగింది. రెండు నెలలు మిషను మీద కూర్చోలేదు. బండి నంబరు ఎవరూ రాసుకోలేదు. పోలీసు దగ్గర నమోదు లేదు. ఆ కారాయన దుర్మార్గుడని నేననను. బహుశా ఆ రాత్రి తాను మంచి పని చేశాననే నిద్రపోయి ఉంటాడు, నేను ఐదు వందల నోటు తీసినట్టు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నదే ఇలాంటి అక్క కోసం. అది మన బండి కోసం కాదు, మన వల్ల పడిపోయినవారి కోసం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వీరిలో కాలినడకన పోయేవారు, రెండు చక్రాల మీద పోయేవారు ఎంతోమంది. ఆ కుటుంబాలకు చట్టం ఇచ్చిన ఆధారం ఆ థర్డ్ పార్టీ కాగితమే.

అందుకని గాయమైతే ఏం చేయాలో గుర్తుంచుకోండి. మొదట ఆసుపత్రి. 108కి గాని 112కి గాని ఫోను చేయండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయడం బండి నడిపినవారి విధి అని చట్టంలోని 134వ సెక్షన్ చెబుతోంది. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో తెచ్చింది. సాయం చేసిన దారిన పోయేవారిని కేసుల్లో ఇరికించకుండా 134-ఏ సెక్షన్ కాపాడుతుంది. కాబట్టి భయపడి తప్పుకుని పోకండి. యెరికో దారిలో తప్పుకుని పోయిన ఇద్దరూ మతపెద్దలే అన్న సంగతి పాస్టర్లమైన మేము ఎప్పుడూ మరువకూడదు. ఆ సమరయుడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చి, ఎక్కువైతే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ఒక్క నోటుతో లెక్క మూయలేదు.

బాధితులు నష్టపరిహారానికి ట్రిబ్యునల్‌లో 6 నెలల్లోగా దరఖాస్తు చేయాలని 2019 సవరణ చెబుతోంది. ఇది 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. ఆలస్యం చేయకండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. ఎముక విరగడం తీవ్ర గాయమే. లాయరుకు డబ్బు లేదంటారా? స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కి ఫోను చేయండి. ఈ నంబరు ప్రతి సంఘం గోడ మీద రాసి ఉండాలి.

ఇంకొక జాగ్రత్త. పాలసీలో ఒక షరతు ఉంటుంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా మనం తప్పు ఒప్పుకుని, ఎదుటివారికి డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదు, చెల్లించకూడదు. అలా చేస్తే తరువాత ఆ విషయం పెద్దదైనప్పుడు కంపెనీ పేచీ పెట్టవచ్చు. అంటే గాయం ఉన్నా, నష్టం పెద్దదైనా, తగవు ఉన్నా ముందు కంపెనీకి చెప్పాలి. క్లెయిమ్ చేయకుండా పూర్తిగా మనమే పెట్టుకుని ముగించగల చిన్న నష్టానికే రోడ్డు మీది ఒప్పందం.

సమాధానపడటానికి ఒక పద్ధతి

తప్పు మనదై, గాయం లేకుండా, నష్టం చిన్నదైతే ఎలా తేల్చుకోవాలి? నేను నేర్చుకున్నవి చెబుతాను.

మొదట క్షమాపణ. నోటు తరువాత. "తప్పు నాది" అన్న మాటకు సగం కోపం దిగిపోతుంది.

రెండు, ఫోటోలు తీయండి, నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. అక్కడికక్కడ ధర తేల్చకండి. మెకానిక్ చూసి చెప్పిన తరువాత ఇస్తానని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. ఫోను ఎత్తకుండా పోవడం దొంగతనమే.

మూడు, బండి ఎవరిదని, ఎన్ని దినాల పని పోతుందని అడగండి. తోపుడు బండి, ఆటో, డెలివరీ చేసే తమ్ముడి బైకు అయితే ఈ ప్రశ్నే ముఖ్యం.

నాలుగు, చిన్న కాగితం రాయండి. తేదీ, స్థలం, రెండు బండ్ల నంబర్లు, ఏమి పాడైంది, ఎంత ఇచ్చారు, ఎవరికీ గాయం కాలేదు. ఇద్దరి సంతకాలు. ఆ కాగితం ఎదుటివారు చదవగలిగే భాషలో ఉండాలి. ఇక్కడ కన్నడం, హోసూరు, చెన్నైలలో తమిళం, సోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా. ఇతర రాష్ట్రాల్లో బతుకుతున్న తెలుగువాళ్లం మనం. చదవలేని కాగితం మీద సంతకం పెట్టడమంటే ఏమిటో మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? మనకు జరిగింది మనం ఇంకొకరికి చేయకూడదు.

ఐదు, తప్పు మనది కాకపోయినా గుంపు చేరి బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి. 112కి ఫోను చేయండి. భయపడి ఇచ్చేది సమాధానం కాదు. అలాగే నలుగురు కుర్రాళ్లం కారులో ఉన్నామని ఒంటరివాణ్ణి మనమూ బెదిరించకూడదు.

తమ్ముళ్లూ, మరొక మాట. మీలో ఎంతమంది బైకులకు థర్డ్ పార్టీ కట్టి ఉంది? చేతులెత్తమని అడగను. 75 సీసీ దాటి 150 సీసీ లోపు బైకుకు 2022 జూన్‌లో నిర్ణయించిన ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు. రోజుకు రెండు రూపాయలు. అది లేకుండా నడిపితే మొదటిసారి 2,000 జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని ఉండవచ్చు. జరిమానా గురించి కాదు నా బాధ. మీరు ఎవరినైనా గుద్దితే, ఆ ఇంటివాళ్లకు ఇవ్వడానికి మీ దగ్గర ఏముంది? మీ నాన్న ఇల్లు అమ్ముతాడా? ఆ 714 రూపాయలు మీరు ఎన్నడూ చూడని ఒక పొరుగువాని కోసం కడుతున్న డబ్బు. అది ప్రేమే. ఈ వారమే కట్టండి.

జక్కయ్య చెట్టు దిగి ఇంటికి వెళ్లి భోజనం పెట్టి ఊరుకోలేదు. లెక్క చెప్పాడు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. ఆ లెక్క విన్న తరువాతనే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పాడు. మన సాక్ష్యాల్లో కన్నీళ్లు చాలా ఉంటాయి, లెక్కలు తక్కువ.

ఆ ఆటో తమ్ముడు వారం తరువాత ఫోను చేశాడు. బండి బాగైందని చెప్పడానికి. "ఇంకెవరైనా ఉంటే ఫోను ఎత్తరన్నా" అన్నాడు. నాకు సంతోషం కలగలేదు, సిగ్గు కలిగింది. ఎందుకంటే అతడు నోటు తీసుకుని ఉంటే నేను ఆ రోజే అతన్ని మరచిపోయేవాణ్ణి.

ఇంటికి వెళ్లాక మీ బండి కాగితాలు ఒకసారి తీసి చూడండి. ఎవరికైనా బాకీ ఉన్నారేమో గుర్తు చేసుకోండి. నంబరు ఉంటే ఫోను చేయండి. ఆదివారం కానుక వేయకముందే చేయండి.

అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.